డెబ్బై దాటితే సగం

1వ రోజు. బరువు 46.2 కిలోలు.

డాక్టర్ రెహానా ఈ నోటుపుస్తకం నా చేతికిచ్చి రోజూ రాయమన్నారు. మాణిక్యాంబ ఏం తిన్నదీ, ఎంత తిన్నదీ, ఏది వాంతి అయిందీ, బరువెంతో. ఉత్త అంకెలు సరిపోవనీ, నాకు తోచిందల్లా రాయమనీ అన్నారు. అందుకని ముందుగా ఇది రాస్తున్నాను. మాణిక్యాంబ నా తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. ఆవిడకి డెబ్బైమూడేళ్ళు, నాకు అరవైనాలుగు. పంతొమ్మిదేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు.

ఆవిడకి పిల్లల్లేరు. బావగారు పోయి ఆరేళ్ళయింది, మా ఆయన అంతకుముందే పోయారు. మందు ఎక్కించుకునే మనిషికి అయినవాళ్ళెవరో ఒకరు తోడుండాలని ఆసుపత్రి నియమం. పేర్లు వెతికితే నాదొక్కటే దొరికిందట. కుదరదని చెప్పడానికే వెళ్ళాను, చెప్పలేకపోయాను.

పొద్దున దుప్పటీ, రెండు చీరలూ మూట కట్టుకుని ఏడో మెట్టు నుంచి మూడో మెట్టుకి ఎక్కి వచ్చాను. తాతల కాలంలో అంగారకుడి నేలని బావిలా తవ్వుకుంటూ దిగారు కనక మా ఊరికి దిగుడు అని పేరు, ఒక్కో అంతస్తూ ఒక మెట్టు. తలుపు తీసి ఆవిడ నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది.

"చెప్పులు అక్కడ విడువు, దుమ్ము" అంది.

పంతొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట అది.

పొట్టలోని గ్రంథుల్లో క్యాన్సర్. ఇరవైయొక్క రోజులకోసారి మందు ఎక్కిస్తారు, మొత్తం ఆరుసార్లు. ఇవాళ మొదటిది. సాయంత్రం గ్లాసుడు సోయాపాలు తాగింది. వాంతి కాలేదు.

4వ రోజు. బరువు 45.8.

ఏం నోట్లో పెట్టినా ఇనుప మేకు చప్పరించినట్టుందంటోంది. మంచినీళ్ళు కూడా.

మాకు రోజువారీ తిండి తొట్లలో నాచులా పొంగి పెరిగే పొంగు. దాన్ని ఆరబెట్టి, ఉప్పు కలిపి ముద్దలు చేస్తారు. వసారా గోడలోని గిన్నెగూడు దగ్గర చెయ్యి పెడితే, ముంజేతి పట్టీ చూసి ఎవరి వంతు వాళ్ళకిస్తుంది. కూరాకులూ పప్పులూ పాదుల దగ్గర విడిగా తెచ్చుకుంటాం గానీ ఒంటికి బలమిచ్చేది ముద్దే.

నేను చెయ్యి పెడితే నాలుగు ముద్దలు వచ్చాయి. ఆవిడ పెడితే రెండు. డెబ్బై దాటితే సగం. గిన్నె అందుకుని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆ రూలు రాసింది ఆవిడే.

9వ రోజు. బరువు 45.1.

డాక్టరమ్మ వచ్చి నాకు చాలా సంగతులు చెప్పారు. మూడు పూటలా పళ్ళెం నిండా పెట్టి తినమంటే భయపడతారట. రెండు గంటలకోసారి గుప్పెడు పెట్టాలి. వేడి తిండి వాసనకి కడుపు తిప్పితే చల్లార్చి పెట్టాలి. ఇనుప రుచి తగులుతుంటే స్టీలు చెంచా మానేసి ప్లాస్టిక్ చెంచా వాడాలి, కాస్త పులుపు తగిలించాలి. పచ్చివి మాత్రం వద్దు, మందుతో రక్తంలో కాపలా తగ్గుతుంది కనక ప్రతిదీ ఉడికించాల్సిందే.

ఐదో మెట్టు పాదుల్లో గోంగూర అడిగి తెచ్చాను. వేడిపలక మీద ఉడికించి, పొంగుముద్ద చిదిపి అందులో కలిపి, బాగా చల్లార్చి పెట్టాను. మొదటి చెంచాకి కళ్ళు మూసుకుంది. రెండో చెంచా తనే తీసుకుంది. గిన్నెలో సగం తిన్నాక, ఉప్పు తక్కువైందంది. నాకు కోపం రావాలి, రాలేదు. ఉప్పు తెచ్చి వేశాను.

15వ రోజు. బరువు 44.6.

నోరు పూసింది. పులుపు తగిలితే కళ్ళమ్మట నీళ్ళు. గోంగూర ఆపేశాను. ఉప్పూ సోడా కలిపిన నీళ్ళతో గంటకోసారి పుక్కిలిస్తోంది. పెసరపప్పు మెత్తగా ఉడికించి, జల్లెడ పట్టి, వేరుశనగ ముద్ద కలిపి జావ చేస్తున్నాను. చల్లగా అయితే దిగుతోంది.

జుట్టు రాలుతోంది. ఇవాళ దువ్వెన నా చేతికిచ్చి వెనక్కి తిరిగి కూర్చుంది. నెమ్మదిగా దువ్వి, ఊడిన వెంట్రుకలు ఆవిడకి కనబడకుండా కొంగులో వేసుకున్నాను. "నాకు తెలుస్తోందిలే" అంది.

22వ రోజు. బరువు 44.0.

రెండోసారి మందు ఎక్కించారు. వచ్చేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచారు. బరువు నలభైరెండు కన్నా తగ్గితే మందు ఆపేయాలన్నారు, ఒళ్ళు తట్టుకోదు. ఆపితే గడ్డ మళ్ళీ పెరుగుతుంది. తగ్గుతున్నది కొవ్వయితే ఇంత బాధ లేదు గానీ కండ కరుగుతోందన్నారు. రోజుకి కనీసం అరవై గ్రాముల ప్రోటీన్ పడాలట. ముద్దకి పదిహేను. ఆవిడకొచ్చే రెండు ముద్దలకీ ముప్పై. పప్పూ శనగా ఎంత కలిపినా, ఆవిడ తినగలిగే నాలుగు గుటకల్లో ఇంకో పది.

నేను అడిగాను, ముసలివాళ్ళకి తక్కువ చాలదా అని. అలా అనుకునేవారట పూర్వం. వయసు మీద పడ్డవాళ్ళకి కండ నిలవాలంటే కుర్రవాళ్ళ కన్నా ఎక్కువే కావాలనీ, జబ్బు చేస్తే ఇంకా కావాలనీ, దిగుడులో మనిషిని కిందికి లాగే నేల పట్టు తక్కువ కనక మరీ ఎక్కువనీ చెప్పారు.

నేను వింటున్నాను గానీ నా కళ్ళ ముందు మా అత్తగారు కనకరత్నం ఉన్నారు. పంతొమ్మిదేళ్ళ కిందట ఒకే వారంలో నాలుగు తొట్లు పాడయ్యాయి. అప్పుడు తిండి పంపకాల అధికారి మాణిక్యాంబే. నూట పన్నెండు మంది పిల్లలున్నారు ఊళ్ళో. డెబ్బై దాటినవాళ్ళ వంతు సగం చేసి పిల్లలకి మళ్ళించింది. జబ్బు చేసినవాళ్ళకి మినహాయింపు ఉండేది, నటించేవాళ్ళు ఎక్కువయ్యారని అదీ తీసేసింది. అప్పటికి అత్తగారికి డెబ్బైఎనిమిది, ఊపిరితిత్తుల జబ్బు. నా దగ్గరే ఉండేవారు. నాలుగో నెలలో పోయారు. ఒళ్ళు తుడిచింది నేనే. ఎముకలు తేలిన ఆవిడ చేతుల్ని నేను మర్చిపోలేదు. అందుకే మాటలు మానేశాను.

23వ రోజు. బరువు 43.9.

రూలుని సభే మార్చాలి. సభ నలభై రోజులకోసారి. ఎవరికి అవసరమో వాళ్ళే అర్జీ పెట్టుకోవాలి. డాక్టరమ్మ అర్జీ రాసి తెచ్చారు, వేలిముద్ర ఒక్కటే తక్కువ. మాణిక్యాంబ చదివి, మడిచి, తిరిగిచ్చేసింది.

"నేను రాసిన రూలు నాకోసం నేనే మార్చమని అడగనా డాక్టరమ్మా. అప్పుడు అందరికీ అది చాలింది. నాకూ చాలుద్ది" అంది.

చాలలేదు. అది ఆవిడకి తెలియనిదేం కాదు.

27వ రోజు. బరువు 43.2.

ఇవాళ్టి నుంచి నా నాలుగు ముద్దల్లో రెండు ఆవిడ జావలో చిదిపి వేస్తున్నాను. ఎందుకు వేస్తున్నావని నన్నెవరైనా అడిగితే చెప్పలేను. పొద్దున ఆవిడ స్నానం చేసి వస్తుంటే చీర జారింది. భుజం ఎముక చూశాను. అంతే.

డాక్టరమ్మ ఈ పుస్తకం చదువుతారని తెలుసు. చదివితే తిడతారు. తిట్టనీ.

33వ రోజు. బరువు 43.5.

పెరిగింది. మూడు వందల గ్రాములే, అయినా తూకం కుర్చీ మీది అంకె రెండుసార్లు చూశాను. నోటి పుళ్ళు మానుతున్నాయి. కూర్చుంటే కండ రాదని డాక్టరమ్మ అన్నారు, అందుకని భోజనం అయ్యాక వసారాలో ఇరవై అడుగులు వేయిస్తున్నాను. నా మోచెయ్యి పట్టుకుని నడుస్తుంది. నడుస్తూ ఇవాళ మా పెళ్ళినాటి సంగతులు ఎత్తింది. మా ఆయన పెళ్ళిపీటల మీద నిద్రపోయాడట. నాకు తెలియదు. నేను తల వంచుకుని కూర్చున్నాను కదా. చాలా సేపు నవ్వాం.

35వ రోజు. బరువు 43.4.

నీళ్ళ వంతు తెస్తూ నాలుగో మెట్టు దగ్గర పడిపోయాను. ఒక్క క్షణం ఏమీ కనబడలేదు. దెబ్బేం తగల్లేదు, మోకాలు గీసుకుంది. డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తూచి, తల పట్టుకున్నారు. తొమ్మిది రోజుల్లోనే నేను రెండు కిలోలు తగ్గాను. రాసింది చదివి, ఇక ఒక్క ముద్ద కూడా ఇవ్వకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు.

గదికి వచ్చేసరికి మాణిక్యాంబ జావ గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. ముట్టుకోలేదు.

"రెండు ముద్దలకి ఇంత జావ రాదు సుగుణా. ముప్పైయేళ్ళు పంచాను నేను, గిన్నె చూస్తే తెలుసుద్ది. నోరు బాలేక వారం ఆలస్యమైంది కనిపెట్టడం" అంది.

గిన్నె నా వైపు తోసింది. నేను తినేదాకా కదలలేదు. ఆవిడ మాత్రం ఆ పూట ఏమీ తినలేదు.

36వ రోజు. బరువు 43.0.

పొద్దున ఆవిడే నన్ను కూర్చోమంది. అప్పుడు చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

వంతు సగం చేసిన రెండో నెలలో ఒకనాడు అత్తగారు ఎవరికీ చెప్పకుండా రెండో మెట్టులోని పంపకాల గదికి వెళ్ళారట. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ. వరసలో నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగి, కిటికీ దగ్గరికి వచ్చారు. ఎక్కువ ఇమ్మని అడుగుతారని మాణిక్యాంబ గుండె గట్టి చేసుకుని కూర్చుందట.

"ఏమీ అడగలేదు సుగుణా. నా మొహంలోకి చూసి, 'పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా అమ్మాయ్' అంది. తిన్నానని అబద్ధం చెప్పాను. 'అయితే సరే' అని వెళ్ళిపోయింది."

అయిపోయిందనుకుని నేను లేవబోయాను. నా చెయ్యి పట్టుకుంది.

"మూడో నెలకే తొట్లు మళ్ళీ పొంగాయి. ఇంకొక్క నెల చూసి పాతరూలు పెడదామనుకున్నాను, మళ్ళీ పాడైతే పిల్లల నోటి దగ్గర తియ్యలేం కదా అని. ఈలోగా ఆవిడ పోయింది. ఇక రూలు ఎలా కొట్టెయ్యను? కొట్టేస్తే ఆ నెల అక్కర్లేకపోయినా పెట్టలేదని అందరికీ తెలిసిపోద్ది. నీకు తెలిసిపోద్ది. ఆ తర్వాత పదకొండేళ్ళు అదే కుర్చీలో కూర్చున్నాను. దిగిపోయేదాకా కొట్టెయ్యలేదు."

నేను చెయ్యి విడిపించుకున్నాను. చెప్పులు వేసుకుని ఏడో మెట్టుకి దిగిపోయాను. నా గదిలో, అత్తగారి మంచం ఉండే మూల, నేల మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. ఏడ్చానో లేదో కూడా సరిగా గుర్తులేదు. ఆ నెలంతా నేను అత్తగారికి తినిపించిన ప్రతి పూటా జ్ఞాపకం వచ్చింది. గిన్నె ఖాళీ అయ్యాక, ఇంకా ఉందేమోనని ఆవిడ అడుగు వైపు చూసేవారు. లేదని నేను చెప్పేదాన్ని.

మధ్యాహ్నం లైటు మారే వేళకి మాణిక్యాంబకి మందుబిళ్ళ ఇవ్వాలి. బిళ్ళ పరగడుపున వేసుకుంటే కడుపులో మంట. ఏదో ఒకటి తిని వేసుకోవాలి. ఆ సంగతి తట్టగానే లేచి మొహం కడుక్కున్నాను.

పైకి వచ్చేసరికి ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పెసర జావ కలిపి లేపాను. నేను తిరిగి వస్తాననుకోలేదేమో, చెంచా వైపు కాకుండా నా వైపే చూస్తూ తాగింది. ఆరు చెంచాలు.

38వ రోజు. బరువు 42.4.

వచ్చిన రెండు ముద్దలే పెడుతున్నాను. అవీ పూర్తిగా దిగడం లేదు. మందు ఐదు రోజుల్లో. సభ మూడు రోజుల్లో.

సాయంత్రం అర్జీ ఎక్కడుందని అడిగింది. డాక్టరమ్మ దగ్గరుందన్నాను. తెప్పించమంది. వేలిముద్ర వేస్తుందనుకున్నాను. కలం అడిగి, తన పేరున్న చోట కొట్టేసి, "డెబ్బై దాటినవారందరూ" అని రాసింది. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. తర్వాత వేలిముద్ర వేసింది.

41వ రోజు. బరువు 42.1.

సభ రెండో మెట్టులో. చక్రాల కుర్చీ తెప్పిస్తానన్నాను, వద్దంది. ఒక్క మెట్టు ఎక్కడానికి నాలుగుసార్లు కూర్చున్నాం.

సభ పెద్ద రత్నరాజు మాణిక్యాంబ దగ్గరే పని నేర్చుకున్న మనిషి. ఇప్పుడు తిండి పంపకాలు ఆయనవి. ఆవిడని చూసి లేచి నిలబడ్డాడు. అర్జీ చదివి, తొట్లు ఎప్పుడు ఎలా ఉంటాయో చెప్పలేమనీ, అనుభవంతో రాసిన రూలు కనకనే ఇన్నేళ్ళూ ఉంచామనీ మర్యాదగానే అన్నాడు. కొందరు తలలూపారు.

మాణిక్యాంబ నా భుజం మీద చెయ్యి వేసి లేచింది. మిగిలిన పొంగు ఏటా ఎంత పాదులకి ఎరువుగా పోస్తున్నారని అడిగింది. రత్నరాజు నెమ్మదిగా చెప్పాడు. ఊళ్ళో డెబ్బై దాటినవాళ్ళు ముప్పైఒక్క మంది. ఎరువుగా పోసేదాంట్లో పదో వంతు చాలు వాళ్ళందరికీ. ఆ లెక్క ఆవిడే పైకి వేసి చూపించింది, కాగితం లేకుండా. ఆ తర్వాత అత్తగారి పేరు చెప్పింది. తొట్లు పొంగిన నెలా, ఆవిడ పోయిన నెలా చెప్పింది.

"ఆ యేడు రాయడం తప్పు కాదు. మళ్ళీ తొట్లు చస్తే మళ్ళీ రాయండి. కానీ కొట్టెయ్యాల్సిన రోజు కొట్టెయ్యండి. నేను కొట్టెయ్యలేదు. ఆ తప్పు నాది, మీరు మొయ్యక్కర్లేదు" అని కూర్చుంది.

రత్నరాజు అడిగాడు, ఇంకెవరన్నా మాట్లాడతారా అని. డాక్టరమ్మ లేచి ప్రోటీన్ సంగతి చెప్పారు. నేనూ లేచాను. ఈ పుస్తకం తీసుకెళ్ళాను కదా, బరువులు మాత్రం వరసగా చదివాను. నలభైఆరు పాయింటు రెండు నుంచి నలభైరెండు పాయింటు ఒకటి దాకా. చదివి కూర్చున్నాను.

చేతులు ఎత్తమన్నారు. తొమ్మిది మందిలో ఏడుగురు ఎత్తారు. వయసు రూలు పోయింది. జబ్బు మినహాయింపు తిరిగి వచ్చింది, నటించేవాళ్ళ సంగతి డాక్టరమ్మ చూసుకుంటారు. రేపటి నుంచే.

గదిలోకి వచ్చాక, మాణిక్యాంబ తనని తిట్టమని నాతో అంది. పంతొమ్మిదేళ్ళు దాచుకున్నది తిట్టేస్తే తనకి తేలికవుతుందంది.

"తిడతానక్కా. ముందు నీ ఒంట్లో ఓపిక రానీ" అన్నాను.

42వ రోజు. బరువు 42.1.

గిన్నెగూడు ముందు ముసలివాళ్ళు పొద్దున్నే గుమిగూడారు. మా పక్క గది మీరాసాహెబు గారు తన గిన్నెలో నాలుగు ముద్దలు చూసి, యంత్రం పొరబడిందేమో, రెండు వెనక్కి ఇచ్చేయాలా అని నన్నడిగారు. మీవేనండీ తినండి అన్నాను. నమ్మకం లేక ఇంకాసేపు అక్కడే నిలబడ్డారు.

మినహాయింపు కింద మాణిక్యాంబకి ఐదు వచ్చాయి. రెండు జావలో, ఒకటి వేరుశనగతో ఉండ చేసి, రెండు సోయాపాలల్లో గిలక్కొట్టి. పొద్దున్నించి ఎనిమిదిసార్లు పెట్టాను. మూడున్నర ముద్దలు లోపలికి వెళ్ళాయి. సాయంత్రం ఇక చెంచా చూపించవద్దని దండం పెట్టింది. ఆపేశాను. పూర్తిగా తినలేకపోయినందుకు తప్పు చేసినట్టు మొహం పెట్టింది. పరవాలేదని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

43వ రోజు. బరువు 42.3.

మూడోసారి మందు ఎక్కించారు. కుర్చీ మీద అంకె నిలిచేదాకా డాక్టరమ్మ, నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. నాలుగు గంటలు పట్టింది. ఆవిడ నిద్రపోతుంటే నేను పక్కన కూర్చుని పప్పు ఏరాను.

45వ రోజు. బరువు 42.0.

రెండు రోజులుగా ఒకటే వాంతులు. ఇలా ఉంటుందనీ, మూడో రోజుకి తగ్గుతుందనీ డాక్టరమ్మ ముందే చెప్పారు. బలవంతం చేయకుండా ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టమన్నారు. అదే చేస్తున్నాను. ముద్దలు ఐదూ గిన్నెలో అలాగే ఉన్నాయి. రూలు మారినంత మాత్రాన నోటికి రుచి రాదు కదా. పొద్దున కాసేపు దిగులేసింది. ఇంత చేసీ ఈ అంకె ఇక్కడే ఆగిపోతుందేమోనని.

మధ్యాహ్నం తడిగుడ్డతో ఆవిడ కాళ్ళు తుడుస్తున్నాను. నిద్రలో ఉందనుకున్నాను. కళ్ళు తెరవకుండానే నా పేరు పిలిచింది. వాంతికేమోనని గిన్నె అందుకున్నాను.

"అది కాదు" అంది. తనకే నమ్మకం లేనట్టు పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"ఆకలేస్తోంది సుగుణా."